మగ్గం మీద ఆడిన చెయ్యి

షోలాపూర్ పూర్వభాగ్‌లో పుట్టి పెరిగినవాళ్లకు నిద్రలేపే గడియారం అక్కర్లేదు. తెల్లవారకముందే ఏదో ఒక ఇంట్లో మగ్గం మొదలయ్యేది. ఇప్పుడు ఆ పేటలో వినిపించేది పవర్‌లూముల మోత. నా చిన్నతనంలో, అంటే 1960ల్లో, మా ఇంట్లో ఇంకా గుంటమగ్గమే ఉండేది. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బతుకుతెరువు కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా బాపు పన్నెండో ఏట మగ్గం గుంటలోకి దిగి, అరవై దాటేదాకా అందులోనే ఉన్నాడు. అమ్మ గడపలో కూర్చుని, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది.

నేను బడిపంతులునయ్యాను. ముప్పై రెండేళ్లు పిల్లలకు సైన్సు చెప్పి 2012లో రిటైరయ్యాను. ఈ వ్యాసం కూడా సైన్సు గురించే. మన చెయ్యి లేవడానికి ముందు మెదడులో ఏం జరుగుతుందన్నది విషయం. కాని దీని వెనుక మా బాపు పట్ల నేను చేసిన ఒక తప్పు ఉంది. ముందు అది చెప్పుకోకపోతే మిగిలింది చెప్పే అర్హత నాకు లేదు.

అన్నం దగ్గర ఆగిన చెయ్యి

1991 వానాకాలం. బాపుకు అప్పుడు అరవై నాలుగేళ్లు. ఇంట్లో మగ్గం తీసేసి రెండేళ్లయింది. ఏడాదిగా ఆయన పనులన్నీ నెమ్మదించాయి. అంగీ గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగేది కాదు, పక్కకు అంటుకున్నట్టు ఉండేది. వయసు మీదపడిందనుకున్నాం.

ఒక రాత్రి భోజనాల దగ్గర కంచంలో జొన్నరొట్టె, పప్పు పెట్టింది మా ఇంటావిడ. బాపు కుడిచెయ్యి తొడ మీదనే ఉంది. కంచంలోకి చూస్తున్నాడు. రొట్టె చల్లారిపోయింది. పిల్లలు తిని లేచారు. నాకు విసుగొచ్చింది.

"ఏంది బాపూ, ఎంతసేపు? పిల్లలు చూస్తున్నరు" అన్నాను.

"లేపాలనే అనుకుంటున్న బిడ్డా. చెయ్యి పోతలేదు" అన్నాడు.

పక్షవాతమేమోనని భయపడి మర్నాడు దగ్గరలోని డాక్టరుకు చూపించాం. చెయ్యి గట్టిగానే ఉంది, పట్టు బాగానే ఉంది, ఇది వయసు అని ఆయన బలం మాత్రలు రాసిచ్చాడు. వణుకు లేదు గనుక మరో అనుమానం ఎవరికీ రాలేదు.

నెల తర్వాత పక్కింటి మామ వాళ్ల మగ్గం దగ్గరికి బాపును తీసుకెళ్లి కూర్చోబెట్టాను. పాత స్నేహితుల మధ్య కాస్త కాలక్షేపమవుతుందని. మామ నవ్వులాటకు, "దిగు అన్నా, నాలుగు పోగులు వెయ్యి" అన్నాడు. బాపును పట్టుకుని గుంటలోకి దించాం. ఎడమచేత్తో పలక పట్టుకున్నాడు. కుడిచేత్తో తాడు గుంజాడు. నాడె ఇటునుంచి అటు దూసుకెళ్లింది. కాలు మారింది, పలక వచ్చి కొట్టింది, మళ్లీ తాడు. జానెడు గుడ్డ నేశాడు. ఒక్క పోగు తెగలేదు.

సంతోషించవలసింది నేను. సంతోషించలేదు. ఇంటికి వచ్చాక ఆయన ముందు నిలబడి, "మగ్గం మీద ఆడిన చెయ్యి అన్నం దగ్గర ఎందుకు ఆడదు? మమ్మల్ని సతాయిస్తున్నవా?" అని అడిగాను. బాపు ఏమీ అనలేదు. ఆ తర్వాత రెండేళ్లు, ఎవరైనా చూస్తుండగా ఆయన అన్నం తినలేదు.

1993లో పుణేలో ఒక నాడీవైద్యుడు ఆయనను పరీక్షించాడు. బొటనవేలికి చూపుడువేలిని తాటించి తాటించి చూపమన్నాడు. మొదటి రెండు మూడు సార్లు బాగానే తాకించాడు. తర్వాత ఆ కదలిక చిన్నదై, ఇంకా చిన్నదై, ఆగిపోయింది. డాక్టరు నా వైపు తిరిగి, "ఇది పార్కిన్సన్ జబ్బు" అన్నాడు. నేను మగ్గం సంగతి చెప్పాను, కొంచెం ఫిర్యాదులాగానే చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, "మాస్టారూ, అది నాటకం కాదు. అదే జబ్బు లక్షణం" అన్నాడు.

అప్పటినుంచి, సైన్సు పాఠాలు చెప్పే నేను, చెయ్యి ఎలా లేస్తుందో చదవడం మొదలుపెట్టాను.

టేపును వెనక్కి తిప్పినవాళ్లు

మీరు ఈ పత్రిక పేజీ తిప్పాలనుకుంటారు, తిప్పుతారు. అనుకోవడం, తిప్పడం రెండూ ఒక్కసారే జరిగినట్టు ఉంటుంది. కాని కాదు.

1964లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో హాన్స్ కోర్న్‌హూబర్ అనే వైద్యుడు, ఆయన శిష్యుడు లూడర్ డేకె ఒక ప్రయోగం చేశారు. మనుషుల తలకు తీగలు అతికించి, మీకు ఎప్పుడు తోస్తే అప్పుడు వేలు కదిలించండి అన్నారు. మెదడు విద్యుత్తు చాలా స్వల్పం. వోల్టులో పది లక్షల వంతుల లెక్క. ఒక్క కదలికను చూస్తే అందులో ఏమీ కనిపించదు. వందల కదలికలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీయాలి. అయితే వేలు ఎప్పుడు కదులుతుందో ముందే తెలియదు కదా! అందుకని వాళ్లు అంతా టేపు మీద రికార్డు చేసి, ఆ టేపును వెనక్కి తిప్పారు. కదలిక జరిగిన క్షణం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్లారు.

వేలు కదలడానికి దాదాపు ఒక సెకను ముందునుంచే, ఒక్కోసారి అంతకన్నా ముందే, నడినెత్తి ప్రాంతంలో విద్యుత్తు మెల్లగా పెరుగుతూ వచ్చినట్టు కనిపించింది. 1965లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. దానికి వాళ్లు పెట్టిన పేరుకు మన భాషలో 'సంసిద్ధతా విద్యుత్తు' అనుకోవచ్చు.

1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ ఇంకొక అడుగు వేశాడు. గిరగిరా తిరిగే చుక్క ఉన్న గడియారాన్ని ముందుంచి, చెయ్యి కదిలించాలని మీకు అనిపించినప్పుడు చుక్క ఎక్కడ ఉందో చెప్పండి అన్నాడు. కదలికకు దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు అనిపించిందని వాళ్లు చెప్పారు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మెదడు విద్యుత్తు మాత్రం 550 మిల్లీసెకన్ల ముందే మొదలైంది. అయితే మనం అనుకోకముందే మెదడు నిర్ణయం తీసేసుకుంటోందా, మన ఇచ్ఛ అన్నది ఉత్తిదేనా అని పెద్ద వాదం లేచింది. 2012లో ఆరన్ షర్గర్, ఆయన సహచరులు దానికి వేరే అర్థం చెప్పారు. మెదడులో విద్యుత్తు ఎప్పుడూ కొంత పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఫలానా వేళకే చెయ్యాలన్న ఒత్తిడి లేనప్పుడు, ఆ ఎత్తుపల్లాలే ఒక గీతను దాటిన క్షణాన కదలిక బయలుదేరుతుంది. వెనక్కి సగటు తీస్తే అది ముందునుంచీ ఎక్కుతున్న మెట్టులా కనిపిస్తుంది. అంటే ఆ మెట్టు మొత్తం నిర్ణయమే అనుకోనక్కర్లేదు. ఈ వాదం ఇంకా తెగలేదు.

ఇంట్లోనే చేసి చూడండి

తలకు తీగలు లేకుండానే మెదడు ముందస్తు ఏర్పాట్లను పిల్లలకు చూపించవచ్చు. నేను తరగతిలో చూపించేవాణ్ణి.

ఎడమ అరచెయ్యి పైకి చాపి, దానిమీద ఒక బరువైన పుస్తకం పెట్టుకోండి. కళ్లు మూసుకోండి. ఎవరినైనా ఆ పుస్తకాన్ని చటుక్కున తీయమనండి. మీ ఎడమచెయ్యి పైకి ఎగురుతుంది. ఇప్పుడు అదే పుస్తకాన్ని మీ కుడిచేత్తో మీరే తీయండి. ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంటుంది. కుడిచెయ్యి తీయబోతోందని మెదడుకు తెలుసు గనుక, బరువు పోయే క్షణానికి సరిగ్గా ఎడమచేతి కండరాన్ని వదులు చేస్తుంది. ముందూ కాదు, వెనుకా కాదు.

ఇలాంటిదే ఇంకొకటి 1967లో మాస్కో శాస్త్రజ్ఞులు చూపారు. నిలబడ్డ మనిషి చెయ్యి చాచి పైకెత్తినప్పుడు, భుజం కండరం కన్నా ముందు కాలి కండరం బిగుస్తుంది. చెయ్యి ముందుకు వెళితే ఒళ్లు తూలుతుంది గనుక, తూలకముందే కాలు కాచుకుంటుంది. మనం చెయ్యి లేపామంటాం. నిజానికి ముందు లేచిన పని కాలిది.

మూడోది అందరికీ తెలిసిన స్కేలు ఆట. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి. రెండోవారు కింద వేళ్లతో పట్టుకోవాలి. 15 సెంటీమీటర్లు జారితే మీకు పట్టిన సమయం 175 మిల్లీసెకన్లు. 20 సెంటీమీటర్లు జారితే 200. మెదడు నుంచి ఆజ్ఞ బయలుదేరి చేతి కండరం చేరడానికి పట్టేది 20 మిల్లీసెకన్లే. కంటి నుంచి కబురు మెదడుకు చేరడానికి ఇంకొంత. మరి మిగిలిన సమయం ఏమైనట్టు?

సిద్ధం కావడం వేరు, బయలుదేరడం వేరు

ఈ ప్రశ్నకు జవాబు కోతులతో చేసిన పరిశోధనల్లో మొదలైంది. 1976లో జున్ తాంజీ, ఎడ్వర్డ్ ఎవార్ట్స్ ఒక కోతికి ముందు ఒక గుర్తు చూపి, కర్రను ముందుకు తొయ్యాలో వెనక్కి లాగాలో తెలియజేశారు. కాని రెండో సంకేతం వచ్చేదాకా ఆగాలి. ఆగిన ఆ వ్యవధిలో చెయ్యి కదల్లేదు. మెదడులోని కదలికల ప్రాంతంలో మాత్రం కొన్ని నాడీకణాలు అప్పుడే పనిలో పడ్డాయి. తొయ్యాలంటే ఒక తీరుగా, లాగాలంటే ఇంకొక తీరుగా.

1980లలో అమెరికాలో అపోస్టోలోస్ జార్జోపూలోస్ బృందం ఇంకొక సంగతి చూపింది. ఒక్కో నాడీకణానికి ఒక్కో దిక్కు ఇష్టం. చెయ్యి ఆ దిక్కుకు వెళ్లేటప్పుడు అది ఎక్కువ చురుకుగా ఉంటుంది, పక్క దిక్కులకు కొంత తక్కువగా. ఏ ఒక్క కణమూ దిక్కును నిర్ణయించదు. అన్నిటి ఓట్లు కలిపి లెక్కిస్తే చెయ్యి ఎటు పోతుందో తేలుతుంది. పంచాయితీ తీర్పు అన్నమాట.

అయితే కణాలు అంతగా పనిచేస్తుంటే చెయ్యి ముందే ఎందుకు కదలదు? ఈ చిక్కును విప్పినవారిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కృష్ణ శెణై ఒకరు. ఇంటిపేరు మన కర్ణాటక పాఠకులకు పరిచితమే. ఆయన 2023లో కన్నుమూశారు. 2014లో ఆయన బృందం చెప్పింది ఇది: సన్నాహం జరుగుతున్నంతసేపు కొన్ని కణాల జోరు పెరుగుతుంది, కొన్నిటిది తగ్గుతుంది. కండరాల దగ్గరికి చేరేసరికి ఆ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి సరిపోయి సున్నా అవుతాయి. తక్కెడ రెండు పళ్లెల్లోనూ సమానంగా బియ్యం పోస్తూపోతే ముల్లు కదలదు కదా, అలాగ. ముల్లు కదలనంత మాత్రాన పళ్లెల్లో ఏమీ లేదనుకోకూడదు.

2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ హైత్, ఆయన తోటివారు మనుషుల చేతులతోనే పరీక్షించారు. చేరవలసిన గురిని ఆఖరి క్షణంలో మార్చి, అయినా సరే వేళకే బయలుదేరమని వాళ్లను తొందరపెట్టారు. మామూలుగా మనం బయలుదేరే సమయానికి దాదాపు 80 మిల్లీసెకన్ల ముందే సరైన కదలిక తయారై ఉంటోందని తేలింది. అంటే సిద్ధం కావడం ఒక పని, బయలుదేరడం ఇంకొక పని. బండి కట్టి ఉంటుంది, ఎడ్లు నిలబడి ఉంటాయి, కొంచెంసేపు ఆగి అదిలిస్తాం. తప్పు చెయ్యకుండా మెదడు ఉంచుకునే జాగ్రత్త అది కావచ్చునని వాళ్ల ఊహ.

ఈ వాక్యం చదివిననాడు నాకు బాపు మాట గుర్తొచ్చింది. "లేపాలనే అనుకుంటున్న బిడ్డా." ఆయన బండి కట్టే ఉంది. అదిలింపు అందలేదు.

వేళ చూసే చిన్నమెదడు

బయలుదేరితే చాలదు, వేళకు ఆగాలి కూడా. నేతపని తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పడుగు విచ్చుకున్న ఆ కొద్ది క్షణంలో నాడె అవతలికి చేరాలి. నాడె చేరకముందే పలక వచ్చి కొడితే నాడె మధ్యలో ఇరుక్కుని పోగులు తెగుతాయి. రెండు చేతులకు, రెండు కాళ్లకు వేరువేరు వేళలు. అన్నీ కుదరాలి.

ఈ పొందిక చూసేది తల వెనుక కింది భాగాన ఉన్న చిన్నమెదడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ తూటా దెబ్బలు తగిలిన సైనికులను గార్డన్ హోమ్స్ అనే బ్రిటిష్ వైద్యుడు ఓపికగా పరీక్షించాడు. దెబ్బ తగిలిన పక్క చెయ్యి ఆలస్యంగా బయలుదేరేది, ఆలస్యంగా ఆగేది, గురి దాటిపోయేది. మంచి చెయ్యి తనంతట తాను పనిచేస్తుందనీ, దెబ్బతిన్న పక్క చేతికి మాత్రం ప్రతి కదలికనూ ఆలోచించి చెప్పవలసివస్తుందనీ ఒక రోగి ఆయనతో అన్నాడట. ఆజ్ఞ వెళ్లిన వెంటనే, ఫలితం ఎలా ఉండబోతుందో చిన్నమెదడు ముందే అంచనా కట్టి సవరిస్తుంది. కన్ను చూసి కబురు చెప్పేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

రెండు దారులు

ఇప్పుడు బాపు సంగతికి వస్తాను.

ఈ జబ్బును 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. మన పెద్దలు కంపవాతమన్నారు. మెదడు అడుగున నల్లటి చార లాంటి చోటు ఒకటి ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి, మెదడు లోతుల్లోని కణాల ముద్దలకు పంపుతాయి. ఏ కదలికను వదలాలి, దేన్ని ఆపి ఉంచాలి అని తేల్చడంలో ఆ ముద్దలది పెద్ద పాత్ర. ఆ నల్లచారలోని కణాలు సగానికి పైగా నశించాకగాని జబ్బు బయటపడదు. వణుకు అందరికీ రాదు. మా బాపుకు రాలేదు.

మనంతట మనం తలపెట్టే కదలిక, అంటే ఎవరూ పిలవకుండా, ఏ చప్పుడూ లేకుండా కంచంలోకి పోయే చెయ్యి, ఎక్కువగా ఆ లోతైన ముద్దల మీద, నడినెత్తి కింది ప్రాంతం మీద ఆధారపడుతుంది. కోర్న్‌హూబర్, డేకె చూసిన మెట్టు ఎక్కువగా అక్కడిదే. ఈ రోగుల్లో ఆ మెట్టు మొదటి భాగం బలహీనంగా ఉంటుంది. కాని బయటినుంచి ఒక చప్పుడు, ఒక గీత, ఒక లయ పిలిచినప్పుడు మెదడు వేరే దారి పట్టగలదు. చూపునుంచి, వినికిడి నుంచి, చిన్నమెదడు నుంచి కదలికల ప్రాంతానికి వెళ్లే దారి అది. అది ఈ జబ్బులో అంతగా చెడదు. నడవలేక నిలిచిపోయిన రోగి నేలమీద గీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడవడం వైద్యులు ఎన్నోసార్లు చూశారు.

మగ్గం దగ్గర బాపును పిలిచినవి అవే. పలక చప్పుడు, చేతికి తగిలిన తాడు, యాభై ఏళ్ల అలవాటు. కంచం ఏ చప్పుడూ చెయ్యలేదు. ఇంతే తేడా. దాన్ని నేను సతాయింపు అన్నాను.

అమ్మ చేట చప్పుడు

డాక్టరు లెవోడోపా మాత్రలు రాశాడు. మెదడులోకి చేరి డోపమిన్‌గా మారే పదార్థం అది. మన పొలంగట్లమీద అల్లుకునే దూలగొండి గింజల్లో కూడా అది ఉంది. 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. అది విని ఎవరూ గింజలు నూరుకుని తాగవద్దు. ఎంత మందు, ఏ వేళకు అన్నది వైద్యుడే చెప్పాలి. బాపు విషయంలోనే మోతాదు కుదరడానికి నాలుగు నెలలు పట్టింది.

మందు పనిచేసే వేళ చెయ్యి తేలికయ్యేది. మందు దిగిపోయే వేళ మళ్లీ ఆగేది. డాక్టరు చెప్పిన రెండు దారుల సంగతి ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చదువుకోలేదు. అంతా విని, "అంటే మగ్గం లెక్క చప్పుడు గావాలె, అంతే గద" అంది.

ఆ రాత్రి బాపు కంచం ముందు కూర్చున్నాడు. నన్నూ పిల్లలనూ చూసి తల దించుకున్నాడు. అమ్మ బీడీల చేటను తిరగేసి, ఆకు కత్తిరించే కత్తెర పిడితో దానిమీద తట్టింది. టక్కు, టక్కు, టక్కు. మగ్గం నడకే అది. ఒకే కప్పు కింద నలభై ఏళ్లు విన్న నడక. మూడో దెబ్బకు బాపు చెయ్యి తొడ మీదనుంచి లేచింది. రొట్టె తుంచింది. రెండేళ్ల తర్వాత ఆయన మా అందరి మధ్య అన్నం తిన్నాడు.

ప్రతిసారీ అలా జరిగిందని చెప్పను. జబ్బు ముదిరాక చేట చప్పుడు కూడా చాలలేదు. 2001లో బాపు పోయాడు. నేనన్న మాటకు క్షమించమని ఒకసారి అడిగాను. "నాకే తెల్వకపాయె, నీకెట్ల తెలుస్తది" అన్నాడు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటే కొన్ని సంగతులు గమనించండి. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం, గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవడం, ముఖంలో భావం తగ్గడం, గొంతు సన్నగిల్లడం. వణుకు లేదు కదా అని ఊరుకోవద్దు. నాడీవైద్యునికి చూపించండి. ఒకచోట చెయ్యగలిగిన పని ఇంకొకచోట చెయ్యలేకపోతే దాన్ని మొండితనం అనకండి.

మగ్గం, తిరగలి, రోకలి, తాళం, భజన, ఇలా ఏదో ఒక లయతో మీ ఇంట్లో ఎవరి చెయ్యైనా కదిలి ఉంటే ఈ పత్రికకు నాలుగు ముక్కలు రాయండి. అమ్మ చేట ఇప్పటికీ మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. వెనకవైపు కత్తెర పిడి తగిలిన చోట చిన్న చిన్న గుంతలున్నాయి.